అసలు సినిమాలో దెబ్బ ఒక్కటే

నాకు పదకొండేళ్ళప్పుడు నాన్న నా ఎడమ చెంప మీద కొట్టాడు. కారణం రెండు మాటలు: మీ, మన.

టాటానగర్ రైల్వే క్వార్టర్లలో మాది రెండు గదుల ఇల్లు. నాన్న వ్యాగన్లు బాగుచేసే ఫిట్టర్. ఆ ఆదివారం, శ్రీకాకుళం వెళ్ళొచ్చిన వాళ్ళు తెచ్చిన సీడీలో తన ప్రాణమైన తెలుగు సినిమా పెట్టాడు. అన్నదమ్ముల పగ కథ. దాని హిందీ రీమేక్‌ని నేను అప్పటికే టీవీలో నాలుగుసార్లు చూశాను. అది రీమేక్ అని నాకు తెలీదు. మా లైన్లో పిల్లలెవరికీ తెలీదు. పది నిమిషాలు చూసి, "నాన్నా, మీ తెలుగువాళ్ళు మన హిందీ సినిమాని కాపీ కొట్టారు" అన్నాను.

"మీ ఏటిరా? మన ఏటిరా?" అంటూనే చెయ్యి వచ్చేసింది. రోజంతా ఇనుముతో పనిచేసే చెయ్యి. గోడకు కొట్టుకుని కింద పడ్డాను. చెవిలో సన్నటి విజిల్ మొదలైంది. టీవీలో ఎవరో ఎవర్నో కొడుతూనే ఉన్నారు.

మర్నాడు చెవి కారింది. అమ్మ ఆవనూనె వేడిచేసి పోసింది. అలా పోయకూడదని ఆవిడకు తెలీదు. చీము పట్టింది. "నదిలో ములిగుంటాడు ఎదవ" అన్నాడు నాన్న. అమ్మ కాదనలేదు. నేనూ కాదనలేదు. కొన్ని నెలలకు చీము తగ్గింది, వినికిడి మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. ఎవరైనా మాట్లాడితే కుడి చెవి అటు తిప్పడం నేర్చుకున్నాను.

మెకానికల్ డిప్లొమా చదివేటప్పుడు, నాన్నను కాగితం మీదైనా ఓడించాలనిపించింది. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి పట్టిక గీశాను. ఎన్ని దెబ్బలు, ఎంతమంది పడ్డారు, ఏ ఆయుధం, ఏం విరిగింది. అసలు సినిమాలో పద్నాలుగు దెబ్బలు. రీమేక్‌లో రెండు వందల ఆరు. ప్రతి వరుసలోనూ రీమేక్‌దే గెలుపు.

పతాక సన్నివేశం దగ్గర చిక్కు వచ్చింది. అసలు సినిమాలో అన్న తమ్ముణ్ణి గునపంతో మోకాలి మీద కొడతాడు. ఒక్కటే దెబ్బ. తర్వాత నాలుగు నిమిషాలు తమ్ముడు గుమ్మం దాకా పాకుతాడు, కాలు వెనకాల ఈడ్చుకుంటూ. అదే గదిలో అన్న అన్నం కలుపుకుంటాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక చేతిలోకి ఉమ్మేస్తాడు. రీమేక్‌లో వాన, గొలుసు, ఇరవై రెండు దెబ్బలు, ఎముకలు పటపటమనే చప్పుడు. రెండు సీన్ల తర్వాత పెళ్ళి పాటలో ఆ తమ్ముడే గంతులేస్తాడు.

అప్పుడు ఇంకో వరుస కలిపాను: దెబ్బ తర్వాత ఏమైంది? అసలు సినిమాకు పద్నాలుగింటికి పద్నాలుగూ రాయగలిగాను. పన్ను ఊడింది, ఉద్యోగం పోయింది, తల్లి మాట మానేసింది. రీమేక్‌కు రాయడానికి ఏమీ దొరకలేదు. శబ్దం కూడా అంతే. పాత సినిమాలో అంతా ఒకే ఛానల్, నా ఒక్క చెవికీ మొత్తం అందుతుంది. రీమేక్‌లో గొలుసు చప్పుడు ఎడమ నుంచి కుడికి తిరుగుతుందట. నాకు సగమే తిరుగుతుంది.

రీమేక్ అసలుకు సాటి రాదని నేననను. రావచ్చు. కాని కథ కొనుక్కునేవాళ్ళు దెబ్బలు మాత్రమే కొనుక్కుంటారు, కొట్టించుకున్నవాడి మర్నాటిని అక్కడే వదిలేస్తారు. పట్టిక నాన్నకు చూపించలేదు. చూపిస్తే చెవి సంగతి కూడా చెప్పాలి.

పోయిన వానాకాలం ఒక కాంట్రాక్టు కంపెనీలో క్రేన్ ఆపరేటర్ పనికి ఎంపికయ్యాను. వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అని రాశారు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన నాన్న ఆ కాగితం చూశాడు.

"ఏటిది?"

"చెవి, నాన్నా."

"నీ చెవికేటొచ్చింది? లంచం కోసం రాసుంటాడు ఆ డాక్టరు నా కొడుకు. ఆడి పళ్ళు రాలగొట్టేసి వత్తాను."

మూలనున్న పెద్ద పానా తీశాడు. ఉత్తి బెదిరింపు కాదు. ఆయన అన్నాడంటే చేస్తాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "తప్పుకోరా" అని తోశాడు. పానా నా భుజానికి తగిలింది. ఆయన మణికట్టు మెలిపెట్టి నెట్టాను. అంత బలంగా నెట్టాలనుకున్నాను, నెట్టాను. ఆయన నుదురు బీరువా అంచుకు కొట్టుకుంది. కనుబొమ మీంచి రక్తం కంట్లోకి దిగింది.

"డాక్టర్నెందుకు కొడతావు? ఈ చెవి నువ్వు పోగొట్టిందే."

"ఎప్పుడురా?"

"ఆ సినిమా పెట్టిన రోజు. మీ తెలుగువాళ్ళు అన్నానని."

ఆయన ఒంటి కన్నుతో నన్నే చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. "ఎన్ని కొట్నాను నిన్ను. అందులో అది ఏదో నాకేటి తెలుస్తాది?"

పొయ్యి దగ్గర నుంచి అమ్మ అంది, "నూనె పోసింది నాను."

"నీకు తెల్సా? మరి చెప్పలేదేటే?"

"నదిలో ములిగాడని తమరే కదా తీర్పు చెప్పేరు. ఇంక మేం చెప్పేదేటుంది?"

పానా ఆయన చేతిలోంచి జారి పడింది, గచ్చు పెచ్చు లేచింది. మర్నాడు, రమ్మనకపోయినా, కనుబొమకు ప్లాస్టరుతో నా వెంట ఆసుపత్రికి వచ్చాడు. మళ్ళీ పరీక్షించమని అర్జీ పెట్టాను. దానివల్ల ఏమీ మారలేదు, ఆ ఉద్యోగం నాకు రాలేదు. కౌంటర్ దగ్గర గుమస్తా హిందీలో అడిగాడు, చెవికి దెబ్బ ఎలా తగిలిందని.

"చిన్నప్పుడు పడ్డాను" అన్నాను.

అతను రాయబోతుంటే నాన్న అరచెయ్యి ఫారం మీద పెట్టాడు. "గిరా నహీ. మైనే మారా." పడలేదు, నేను కొట్టాను.

గుమస్తా కలం ఆపి ఆయన నుదుటి ప్లాస్టరు వైపు చూశాడు. "ఔర్ ఆప్‌కో?" మరి మీకు?

"ఇసీ నే" అన్నాడు నాన్న, వీడే అని నన్ను చూపించి. ఆ చెయ్యి మాత్రం ఫారం మీంచి తియ్యలేదు, తను కొట్టిన ఆ మొదటి దెబ్బ రాసేదాకా.