ముప్పై సీసాల పాతాళ సరస్సు

ఆ రోజుల్లో నాకు లోకమంతా బోరాన్ చుట్టూనే తిరుగుతున్నట్టు ఉండేది. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు చూసినా, కంసాలి దగ్గర వెలిగారం డబ్బా చూసినా "ఇందులోనూ ఉన్నాడు మావాడు" అని మురిసిపోయేదాన్ని. మావాడికి మాత్రం నా మీద అంత ప్రేమ ఉన్నట్టు కనిపించలేదు. పరిశోధనలో చేరిన మొదటి ఏడాదంతా నేను తయారు చేసిన బోరాన్ సమ్మేళనాలు కాస్త గాలి తగలగానే పొగై పోయాయి. గాజు ఫ్లాస్కులు నా చేయి తగలగానే పగిలిపోయాయి. (నేను ల్యాబులోకి అడుగుపెడితే చాలు, అటెండరు చీపురు తెచ్చి దగ్గర పెట్టుకునేవాడు.) చివరికి మా గైడు మేడం నన్ను పిలిచి కూర్చోబెట్టారు. ఆవిడది కోదాడ. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచరు. "చూడమ్మా, వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. నీ చేతిలో ఒక్క ఫలితమైనా లేకపోతే నీ సీటు నేను నిలబెట్టలేను. మీది మిర్యాలగూడ కదా, అటువైపు బోర్ల నీళ్లలో బోరాన్ ఎంతుందో కొలుచుకురా. నీళ్లైతే పగలవు" అన్నారు.

వరికి బోరాన్ రవ్వంత చాలు, ఎక్కువైతే ఆకుల కొసలు మాడిపోతాయి. కాబట్టి పని చిన్నదేమీ కాదని నాకు నేనే చెప్పుకుని, ముప్పై ప్లాస్టిక్ సీసాలు రెండు సంచుల్లో సర్దుకుని, అక్క స్కూటీ మీద నిడమనూరు వైపు బయలుదేరాను. మొదటి ఇంట్లో ఒక పెద్దమ్మ ఉంది. బోరు నీళ్లు కావాలి, పరీక్ష చేయాలి అన్నాను. "గీ ఎండల బోరు కాడికి నువ్వేడికి వస్తవ్ బిడ్డా? గీడ కుర్చీల కూసో, మేం నింపుకస్తం" అని సీసా అందుకుంది. నేను కూర్చున్నాను. ఎదురుగా సాగర్ కాలువ నీళ్లు తాగిన పొలాలు, గాలికి పచ్చగా ఊగుతున్నాయి. ఆ ఊపులో నాకు నేను ఏదో పెద్ద సభలో మాట్లాడుతున్నట్టు, మేడం ముందు వరసలో కళ్లు తుడుచుకుంటున్నట్టు కనిపించింది. సీసా నిండి వచ్చింది. రెండో ఇంట్లోనూ కుర్చీ వేశారు, మూడో ఇంట్లోనూ వేశారు. ముప్పై ఇళ్లు, ముప్పై కుర్చీలు. నేను లేచి బోరు దాకా నడిచింది ఒక్కసారీ లేదు. (కలలు కనడానికి నీడలో కుర్చీ దొరికితే ఎవరు మాత్రం లేస్తారు?)

బోరాన్ కొలవడానికి మేం వాడేది పసుపులో ఉండే రంగునే. నీటి చుక్కలో అది కలిపి, కాస్త యాసిడ్ వేసి ఆరబెడితే, బోరాన్ ఉన్న కొద్దీ ఎరుపు తేలుతుంది. (ఫోన్లో అమ్మకు చెబితే "గిన్ని సదువులు సదివి ఆఖరికి పసుపు కలుపుతున్నవా?" అంది.) ముప్పై గిన్నెలు ఆరబెట్టాను. ముప్పైలోనూ ఒకే లేత గులాబీ రంగు. అంత దూరదూరంగా ఉన్న బోర్లలో ఒకే నీరు ఎలా ఉంటుంది? ఒకటే దారి, నిడమనూరు కింద ఎవరికీ తెలియని ఒక పెద్ద సరస్సు ఉండాలి! ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు, ఆ సరస్సు మీద పడవలో తిరిగాను. మ్యాపు మీద నీలం పెన్సిలుతో దాని ఒడ్డు గీశాను. దానికి మేడం పేరు పెడదామనీ నిర్ణయించాను. సీటు నిలబడే విషయం కూడా అందులో కొంత ఉందని ఒప్పుకుంటాను.

మేడం మ్యాపును చాలాసేపు చూశారు. "ఉప్పులు కొలిచావా?" అన్నారు. కొలవలేదు. ఆవిడ ఎదురుగానే కొలిచాను. ఉప్పులు దాదాపు లేవు. ఫ్లోరైడ్ కూడా లేనట్టే. "నల్గొండ నేలలోంచి ఇంత తేట నీళ్లా? ఇది పాతాళ సరస్సు కాదమ్మా, ఎవరో శుద్ధి చేసిన ప్లాంటు నీళ్లు పోసిచ్చారు నీకు" అన్నారు మెల్లగా. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. కమిటీకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

మర్నాడే ఏడుపు మొహంతో పెద్దమ్మ ముందు నిలబడ్డాను. "బోరు నీళ్లడిగితే క్యాన్ నీళ్లెందుకు పోశావు పెద్దమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "బోరు నీళ్లు మేమే నోట్లె పోసుకోం. తాగి తాగి మా ఆయన మోకాళ్లు వంగిపోయినయ్. ఇంటికొచ్చిన ఆడబిడ్డ సీసల గవి ఎట్ల పోస్తం? పేరుకు పరీక్షంటవ్, దూపైతే తొవ్వల తాగవా?" అంది. తక్కిన ఇళ్లలోనూ అదే మాట. ముప్పై ఇళ్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండానే నాకు ఒకే పని చేశారు. ఆ ఇళ్లన్నిటికీ నీళ్ల క్యాన్లు దించేది ఒకటే ఆటో. నా సరస్సు ఆ ఆటోలోనే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. "అయ్యో, పరేషాన్ గాకు బిడ్డా" అంటూ పెద్దమ్మ తనే ముందు నడిచి బోరు చూపించింది. మళ్లీ ముప్పై బోర్లూ తిరిగిన ఆ రెండు రోజులూ నేను ఒక్క కుర్చీలోనూ కూర్చోలేదు. ఈసారి ముప్పై గిన్నెలు ముప్పై రంగుల్లో ఆరాయి. నా సీటు నిలబడింది.

ఇప్పుడు సూర్యాపేటలో పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య నా చేతిలో ఫ్లాస్కులు పగలడం తగ్గింది, మావాడూ కాస్త మాట వింటున్నాడు. ఆ మ్యాపు ఇంకా నా బీరువాలో ఉంది. నీలం పెన్సిలు సరస్సును చెరపడానికి మనసొప్పలేదు. మొన్న వేసవిలో హాలియా వెళ్తూ దారిలో ఆ ఇంటి ముందు ఆగాను. పెద్దమ్మ నడుము వంగింది, చూపు మాత్రం వంగలేదు. పోల్చుకుని, కుర్చీ వేసింది. నేను కొన్ని నీళ్లివ్వమంటే లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"తాగనీకా బిడ్డా, పరీక్షకా?"

అలవాటు కొద్దీ ఒక ఖాళీ సీసా నా సంచిలో ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

"తాగనీకే పెద్దమ్మా" అన్నాను.