రేపు తీసేస్తానన్న వీడియో

నా వీడియోకి వచ్చిన ఆ కామెంట్ కింద ‘అనువదించు’ అని ఉన్నచోట వేలు పెట్టాను... చైనా అక్షరాలు పోయి తెలుగు వచ్చింది.

“ఈ నీలం తలుపు నాకు తెలుసు. నేను దగ్గరలోనే ఉన్నాను.”

పక్కన పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు, ఒట్టు పెట్టుకోకూడదంటారు. అయినా పెడుతున్నాను. ఇది నాకు జరిగింది. ఒక్క ముక్క కల్పించలేదు. కల్పించేదాన్నైతే నన్ను నేను కాస్త మంచిదానిగా చూపించుకునేదాన్ని.

మేముండేది గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్లో, రెండో అంతస్తు. మా ఆయన ఆస్పత్రిలో నర్సు, ఆ వారం నైట్ డ్యూటీ. ఎదురు ఫ్లాట్‌లో లిన్ అని చైనా అమ్మాయి, నా ఈడుదే. ఆమె భర్త ఎక్కడో దూరంగా కంపెనీ సైట్‌లో ఉంటాడు, శుక్రవారాలు వస్తాడు. వాళ్లకు హావో అని నాలుగేళ్ల బాబు. మా అమ్మాయి గ్రేసీకి వాడంటే ప్రాణం. ఆ ఇద్దరికీ భాషతో పనిలేదు. నాకూ లిన్‌కూ మాత్రం ఫోన్‌లో మాటలు మార్చే యాప్ కావాలి. ఆమె ఏం చెప్పినా అది రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ గొంతుతో తెలుగులో చెబుతుంది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆగస్టు పదిహేనుకి మా తెలుగు ఆడవాళ్ల గ్రూపులో రీల్స్ పోటీ పెట్టారు. నా ఆకుపచ్చ చీర లిన్‌కి కట్టాను. కుచ్చిళ్లు చూసుకుని మురిసిపోయింది. పిల్లలు ఆమె చేతిలో చిన్న జెండా పెట్టారు. వాళ్ల నీలం తలుపు ముందే నిలబెట్టి తీశాను. అంతవరకూ బాగానే ఉంది. దాని మీద నేను రాసిందే... “చైనావాళ్లు కూడా మన జెండాకి సెల్యూట్ కొట్టాల్సిందే!” అని రాశాను.

ఆమె సెల్యూట్ కొట్టలేదు. పిల్లల్ని చూసి చెయ్యి ఊపింది. అంతే.

మనవాళ్లు తెగ షేర్ చేశారు. ఎవరో దాన్ని తీసుకెళ్లి చైనావాళ్ల యాప్‌లో పెట్టారు. అక్కణ్ణుంచి వెతుక్కుంటూ నా పేజీకే వచ్చారు జనం. నన్ను ఒక్క మాట అనలేదు. అంతా ఆమెనే. దేశద్రోహి అని... దీని మొగుడిది ఏ కంపెనీ అని... ఆమె సొంతూరి పేరు పట్టుకున్నారు. లిన్ వాళ్ల నాన్న బడిపంతులట. ఆయన ఫోటో కూడా పెట్టారు. చైనావాళ్లంతా ఇంతేనని నేననను. లిన్‌దీ చైనానే. పైగా వాళ్లకి జవాబుగా మనవాళ్లు రాసినవీ చదివాను. అన్నీ తెలుగులోకి మారాక ఏది ఎవరిదో తెలియలేదు నాకు.

ఆ సాయంత్రం లిన్ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఫోన్ పలికింది. “అక్కా, దయచేసి అది తీసేయండి. మా నాన్నగారికి రాత్రంతా ఫోన్లు వస్తున్నాయి.”

“అలాగే లిన్, రేపు పొద్దున తీసేస్తా” అన్నాను.

రేపెందుకు? పోటీలో గెలిచిందెవరో చెప్పేది ఆ రాత్రే. నా రీలే ముందుంది. ఫోన్ నా మాటని ఆమెకి వినిపించింది. తర్వాత థాంక్యూ అంది. థాంక్యూ...

ఇక ఆ రాత్రి. ఆ కామెంట్ చదివాక మంచం మీద ఉండలేకపోయాను. చప్పుడు కాకుండా వెళ్లి తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. వరండా చీకటిగా ఉంది. అక్కడి లైటు మనిషి కదిలితేనే వెలుగుతుంది.

వెలిగింది.

ఎవరూ లేరు... లిఫ్ట్ వచ్చిన చప్పుడు లేదు. మెట్ల మీద అడుగులు లేవు. కాసేపటికి ఆరిపోయింది. మళ్లీ వెలిగింది.

చేతిలో ఫోన్ వణికింది. కొత్త కామెంట్. మాటలు లేవు, ఫోటో మాత్రమే. మా వరండా. లైటు వెలుగుతోంది. నీలం తలుపు. ఓ మూలగా పసుపు సీతాకోకచిలుక బొమ్మ ఉన్న చెప్పులు... మా గ్రేసీవి. ఆ చెప్పులు ఆ సాయంత్రమే కొన్నాం. నా వీడియోలో అవి ఉండే అవకాశమే లేదు.

అప్పుడు తీసేశాను వీడియో. లిన్ కోసం కాదు. నా కూతురి చెప్పులు కనిపించాయని. వీడియోతో పాటు కామెంట్లన్నీ పోయాయి, ఆ ఫోటో కూడా. దాచుకుని ఉండాల్సిందని ఆ తర్వాత తట్టింది.

అంతలో... టక్... టక్...

మా తలుపే. చాలా మెల్లగా. కింద ఎక్కడో, నా నడుము కంటే కిందనుంచి వచ్చింది ఆ చప్పుడు. నా కన్ను అద్దానికి ఆనించే ఉంది. లైటు వెలుగుతోంది. ఎదురుగా ఎవరూ లేరు. నీలం తలుపు మూసి ఉందో, ఓరగా తెరిచి ఉందో... ఆ అద్దంలో అన్నీ వంకరగా కనిపిస్తాయి, చెప్పలేను.

టక్... తర్వాత చెక్క మీద అరచెయ్యి రాసినట్టు ఒక చప్పుడు. జారినట్టు...

నేను తలుపు తియ్యలేదు. ప్రభువా, పిల్లలు, ప్రభువా, పిల్లలు... అనుకుంటూ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. నా వీపుకి అవతల ఏదో ఉందని తెలుస్తూనే ఉంది. ఎప్పుడు వెళ్లిందో తెలియదు. తెల్లవారుజామున మసీదులో అజాన్ వినిపించాక లేచాను. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. ఆ అద్దంలో తలుపు కిందిభాగం కనపడదు. హావో నా నడుముదాకా కూడా రాడు.

పరుగెత్తి నీలం తలుపు కొట్టాను. ఎవరూ తియ్యలేదు.

కింద వాచ్‌మన్‌ని అడిగాను. చీకటితోనే ఒక కారు వచ్చిందని, లిన్ పిల్లాణ్ణి ఎత్తుకుని ఎక్కిందని హిందీలో చెప్పాడు. భర్త కారే అయ్యుంటుంది అన్నాడు. అయ్యుంటుంది. ఆమెకి పెట్టిన మెసేజ్ ఇప్పటికీ ఒక్క టిక్కుతోనే ఉంది. డ్యూటీ దిగి వచ్చాక మా ఆయనకి అంతా చెప్పాను. “నిద్రలేక అలా అనిపించి ఉంటుందే” అన్నారు. కావచ్చు. ఫోటో పెట్టినవాడే మా తలుపు కొట్టాడో, వాడికి భయపడి పిల్లాడే కొట్టాడో, అసలెవరూ కొట్టలేదో... నాకు తెలియదు.

పొద్దున్న బడికి తయారవుతూ గ్రేసీ అడిగింది. “అమ్మా, రాత్రి తలుపు కొట్టింది హావోనే కదా? నేను విన్నాను.” దాని తమ్ముడు కూడా తల ఎత్తి నావంక చూశాడు.

“ఎవరూ కొట్టలేదు నాన్నా, కలగన్నావు” అని చెప్పాను. “హావో వాళ్లు ఊరెళ్లారు. ఆ వీడియో ఎవరు తీశారని బళ్లో ఎవరైనా అడిగితే మాకు తెలియదని చెప్పండి.”