నారాయణప్ప ఆగలేదు

ఆ రోజు తప్పు నాది, శిక్ష పడింది నా విద్యార్థికి. 1960ల చివర్లో చింతామణి కాలేజీలో కంప్యూటర్ పాఠం మొదలుపెట్టాను. యంత్రం లేదు కనుక నారాయణప్ప అనే కుర్రాణ్ణే యంత్రం అనుకుని, బోర్డు మీది ఆదేశాలు పాటించమన్నాను: మనసులోని అంకెకు ఒకటి కలుపు, గది చుట్టి రా, మళ్ళీ అలాగే చెయ్యి. అతడు తిరుగుతూనే ఉన్నాడు. ఎందుకు ఆగడో నాకు అర్థం కాలేదు. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ గోలకు ప్రిన్సిపాల్ వచ్చారు.

“ఏమప్పా, సంతనా ఇది?”

“బోర్డులో ఉండేదే చేస్తాండాను సార్. నిలబడమని యాడా రాసిలేదు.”

అయోమయంలో “అల్లరి చేస్తున్నాడు సార్” అనేశాను. ఆయన అతణ్ణి ఇక కాలేజీకి రావద్దని పంపేశారు.

గది ఖాళీ అయ్యాక బోర్డు చదివితే తెలిసింది, పది రాగానే ఆగమని నేనే రాయలేదు. ప్రిన్సిపాల్ దగ్గర తప్పు ఒప్పుకుని, అతణ్ణి తిరిగి రానివ్వడానికి ఒప్పించాను. మరునాడు అతని ఊరు కెంచార్లహళ్ళి వెళ్ళి నారాయణప్పను వెంటబెట్టుకొచ్చాను. క్లాసు ముందు క్షమాపణ అడిగి, ఆ పాఠం అతని చేతే చెప్పించాను.