పదమూడో రస్కు

బౌక్య పోస్ట్‌మా బోల్స్‌వర్డ్ ఊరు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. ఆమె పేరు మాత్రం దేశమంతా తిరిగింది. మా రస్కుల ఫ్యాక్టరీకి ఎవరు ఏ ఫిర్యాదు రాసినా, జవాబుగా వెళ్లే ఉత్తరం అడుగున ఉండే పేరు ఆమెదే. ఇరవై ఆరేళ్ల నుంచీ అంతే. నేను కింద పొయ్యిల దగ్గర పనిచేసేవాణ్ణి. ఆమె బల్ల పై అంతస్తులో ఉండేది. పది గంటల కాఫీకి మాత్రం, పైవాళ్ల కాఫీ కడిగిన నీళ్లలా ఉంటుందని వంకపెట్టి, కిందికొచ్చి మా మధ్య కూర్చునేది. ఆ బల్ల దగ్గర ఆమె చెప్పగా విన్నదీ, నేను చూసిందీ కలిపి ఇది.

ఆమెకి ఈ పని ఎవరూ నేర్పలేదు. పాడి రైతు కూతురు. పంతొమ్మిదో ఏట ప్యాకింగ్‌లో చేరింది. కొన్నేళ్లకి మంచు మీద సైకిల్ జారి మణికట్టు విరిగితే, చెయ్యి కుదిరేదాకా పైన కూర్చుని ఉత్తరాలు చూడమన్నారు. మొదటిరోజే ఒక ఫిర్యాదు వచ్చింది: రస్కులో దారం ముక్క. అప్పటి మేనేజరు, "మా దగ్గర అలాంటివి జరగవు అని రాసి పడేయ్" అన్నాడు. ఆమె రాయలేదు. కట్టు కట్టిన చేత్తోనే దారం పట్టుకుని కిందికొచ్చి, పిండి బస్తాలు విప్పేచోట గంటసేపు వెతికింది. బస్తా కుట్టిన దారమే అది. "దారం మాదే. బస్తా విప్పేటప్పుడు పడింది. ఇకమీద విప్పే చోటు జల్లెడకి దూరంగా మారుస్తున్నాం. క్షమించండి" అని రాసి, కింద తన పేరు పెట్టింది. చెయ్యి కుదిరింది గానీ ఆమె మళ్లీ ప్యాకింగ్ పనికి రాలేదు.

ఆమె దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. పేపర్లో వచ్చే వ్యాపార వార్తలు, వినియోగదారుల పేజీ కత్తిరించి అందులో అతికించేది. ఏదో పడవల కంపెనీ ప్రయాణికుల్ని రేవులో ఆరు గంటలు వదిలేసి ఏం చెప్పింది, సైకిల్ తాళాల కంపెనీ తాళాలు ఊడొస్తుంటే ఎన్నాళ్లు నోరు మెదపలేదు, ఏ కంపెనీ ఏ మాటతో ఒడ్డున పడింది, ఏది ఏ మాటతో మునిగింది, అన్నీ అందులో ఉండేవి. తప్పు ఎవరు చేశారో చెప్పకుండా దాటేసిన వాక్యం కనిపిస్తే కింద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీసేది. "ఇదిగో, ఇక్కడ దాక్కున్నాడు చూడు" అని మాకు చూపించి నవ్వేది.

కిందటేడు వసంతంలో గోధుమ ధర పెరిగింది, వెన్న ధర ఇంకా పెరిగింది. రెండేళ్ల కిందట ఊట్రెక్ట్ నుంచి వచ్చిన మా డైరెక్టరు రుట్గర్ ఒక నిర్ణయం తీసుకున్నాడు: ప్యాకెట్లో పదమూడు రస్కుల బదులు పన్నెండు. ధర అదే, ప్యాకెట్ కాగితం అదే. బయటికి ఏమీ చెప్పరు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ప్రచారం చూసుకునే కుర్రాడు యోరిస్ వచ్చి మీటింగ్ పెట్టాడు. బౌక్యని కూడా పిలిచారు.

"పొద్దున్నే రెండు తింటారు, అంతే," అన్నాడు యోరిస్. "ప్యాకెట్లో ఎన్నున్నాయో ఎవరు లెక్కపెడతారండీ?"

"ఆఫ్కె లెక్కపెడుతుంది," అంది బౌక్య.

"ఆఫ్కె ఎవరు?"

"బాలింతల ఇళ్లకెళ్లి చూసుకునే నర్సు. బిడ్డని చూడ్డానికి ఎంతమంది వస్తారో అడిగి, దాన్నిబట్టి ప్యాకెట్లు తెప్పిస్తుంది. ప్యాకెట్టుకి పదమూడు మంది. ఈ జిల్లాలో అందరూ అలాగే తెప్పిస్తారు. మీకు పిల్లలున్నారా?"

"లేరండీ."

"పుట్టినప్పుడు తెలుస్తుంది లెండి."

అందరూ నవ్వారు. అదొక చిన్న వర్గమని, మొత్తం అమ్మకాల్లో కనపడదని యోరిస్ రాసుకున్నాడు. మా దగ్గర బిడ్డ పుడితే వచ్చినవాళ్లకి వెన్న రాసిన రస్కు మీద చక్కెర సోంపు చల్లి ఇస్తారు. మగపిల్లాడైతే నీలం తెలుపు, ఆడపిల్లయితే గులాబీ తెలుపు. మనిషికొకటే. రెండోది ఎవరూ అడగరు, అసలు అందకపోవడం మాత్రం ఎప్పుడూ ఉండదు. ప్యాకెట్లో ఎన్నున్నాయో ఈ ఊళ్లో అందరికీ తెలిసేది అందుకే. ఆమ్‌స్టర్‌డామ్ కుర్రాడికి తెలియకపోవడంలో వింతేం లేదు. రుట్గర్‌కి కూడా గుర్తు రాలేదు.

మూడు వారాలకి ఉత్తరాలు మొదలయ్యాయి. యోరిస్ అందరికీ వెళ్లాల్సిన జవాబు ఒకటి తయారుచేసి ఫ్యాక్టరీకి పంపాడు. "వాడుకకి సులువుగా ఉండాలన్న మా వినియోగదారుల కోరిక మేరకు ప్యాకెట్ పరిమాణాన్ని సవరించడం జరిగింది." బౌక్య అది పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

"ఏ వినియోగదారుడు కోరాడండీ? పేరు చెప్పండి, నేనే ఫోన్ చేస్తాను."

"అది మాట వరసకి, బౌక్య గారూ."

"దీని కింద నా పేరు వద్దు."

"మీ పేరుంటేనే జనం నమ్ముతారు."

"అందుకే వద్దంటున్నాను."

రుట్గర్ చూద్దాంలే అన్నాడు. ఆ వారం ఆమె సెలవు. భర్త వీబెతో పడవ మీద సరస్సులకి వెళ్లింది. చూద్దాం అంటే ఆగుతారనే అనుకుంది. కానీ ఉత్తరాల అడుగున పేరు వేసేది కంప్యూటరు. ఎవరూ దాన్ని ఆపలేదు. ఆ వారంలో మూడు వందల పన్నెండు ఉత్తరాలు ఆమె పేరుతో బయటికి వెళ్లిపోయాయి.

ఆ సంగతి ఆమెకి తెలిసింది ఆదివారం, చెల్లెలి కూతురు నిన్కె ఇంట్లో. నిన్కెకి మగపిల్లాడు. కుర్చీలన్నీ గోడల వెంట గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్లు అందరికీ చేతులు కలిపి అభినందనలు చెప్పి కూర్చున్నారు. నర్సు ఆఫ్కె పళ్లెం పట్టుకుని తిరుగుతోంది. ఒక్కొక్కరూ ఒక రస్కు తీసుకుంటున్నారు. తలుపు పక్కన చివర కూర్చుంది బౌక్య. ఆమె దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో నాలుగు నీలం సోంపు గింజలు తప్ప ఏమీ లేవు.

"పదమూడు మంది," అంది ఆఫ్కె. "ఒక ప్యాకెట్ చాలని నిన్కె ముందే తెప్పించి పెట్టుకుంది. అయినా నువ్వు తినవులే, పన్నెండే కావాలన్నది నువ్వేగా."

"నేనెక్కడన్నాను?"

"నువ్వే అన్నావమ్మా." ఆఫ్కె పళ్లెం కిటికీ గట్టున పెట్టి, సంచీలోంచి ఉత్తరం తీసి అందరికీ వినపడేలా చదివింది. చివర్న పేరు ఇంకాస్త నెమ్మదిగా చదివింది. "బౌక్య పోస్ట్‌మా. మరి ఈవిడెవరు? మన ఊళ్లో ఇంకో బౌక్య పోస్ట్‌మా ఉందా?"

 నిన్కె మంచం మీంచి, "పోనీ పెద్దమ్మా, నాది తీసుకో" అంది.

"వద్దమ్మా. నువ్వు తిను, నీకు బలం కావాలి."

"ఇరవై ఏళ్ల కిందట నా రస్కుల డబ్బాలో పురుగుందని రాస్తే," అంది ఆఫ్కె, ఈసారి కోపం తగ్గించి, "నువ్వు ఇంటికొచ్చి చూసి, పురుగు మాది కాదు ఆఫ్కె, నీ అలమరాదీ అని మొహం మీద చెప్పావు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నమ్మాను. ఇప్పుడు నీ పేరుతో ఏదొచ్చినా నేనేం చెయ్యాలో చెప్పు."

బౌక్య పిల్లాణ్ణి చూసి, ఇంటికి వెళ్లి, ఆ రాత్రి బాగానే నిద్రపోయానని తర్వాత మాతో అంది. ఏం చెయ్యాలో తెలిసిపోతే నిద్ర పడుతుందట.

సోమవారం పొద్దున్నే ఆమె రుట్గర్ గదికి వెళ్లింది. యోరిస్ కూడా ఉన్నాడు. ఆ మూడు వందల పన్నెండు మందికీ రెండో ఉత్తరం వెళ్లాలంది.

"మళ్లీ రాస్తే మర్చిపోయేవాళ్లకి కూడా గుర్తుచేసినట్టు," అన్నాడు యోరిస్. "పది రోజులు ఊరుకోండి. జనం మర్చిపోతారు."

బౌక్య నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇందులో పాతికేళ్ల వార్తలున్నాయి బాబూ. పది రోజులు ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పది రోజులకి మర్చిపోయిన జనం ఎక్కడైనా కనపడితే నాకు చూపించు."

యోరిస్ నిజంగానే పేజీలు తిప్పాడు. తిప్పుతూనే ఉండిపోయాడు.

"మీరు సొంతంగా పంపితే," అన్నాడు రుట్గర్, "మీ ఉద్యోగం గురించి ఆలోచించాల్సి వస్తుంది."

"నేను ఆలోచించుకునే వచ్చాను. దాచిపెట్టి ఏమీ చెయ్యను. నా బల్ల దగ్గరే, తలుపు తీసి, చేత్తో రాస్తాను. శుక్రవారానికి అయిపోతుంది. ఆపాలనుకుంటే నన్ను పంపించెయ్యండి. నేనున్నన్నాళ్లూ నా పేరుతో వెళ్లింది నేనే సరిచేసుకుంటాను."

చెప్పినట్టే కూర్చుంది. ఫోను మోగితే ఎత్తడం, మళ్లీ రాయడం. పాత విరుపు ఉన్న మణికట్టుకి మంగళవారం మధ్యాహ్నానికే నొప్పి మొదలైంది. పొయ్యి దగ్గర పెట్టుకునే బట్ట వెచ్చచేసి నేను తీసుకెళ్లి ఇచ్చాను. చుట్టుకుంది. "రోజూ ఇంత వేడిలో ఎలా పనిచేస్తారర్రా మీరు" అంది, ఇంకో కాగితం లాక్కుంది. ప్యాకింగ్ ఆడవాళ్లు తమ భోజనం వేళ పైకెళ్లి మడతపెట్టి ఇస్తామన్నారు. వద్దంది. "మిమ్మల్ని కూడా పంపించేస్తే రస్కులు ఎవరు కడతారు?"

బుధవారం మధ్యాహ్నం రుట్గర్ పైకి వచ్చాడు. కుప్ప మీది ఉత్తరం తీసి చదివాడు. అందులో ఇలా ఉంది:

"కిందటి వారం నా పేరుతో మీకొక ఉత్తరం వచ్చింది. అది నేను రాయలేదు, అందులో ఉన్నది నిజం కాదు. పన్నెండు కావాలని ఎవరూ కోరలేదు. పిండి, వెన్న ధరలు పెరిగాయి. మేం ఒక రస్కు తీసేశాం. ధర పెంచితే మీరు మానేస్తారని భయపడి చెప్పకుండా తీశాం. ప్యాకెట్ మీద చెప్పి ఉండాల్సింది. ఎవరింట్లోనైనా చివరి మనిషికి రస్కు అందకపోతే ఆ తప్పు మాదే."

"భయపడి అని ఎందుకు రాశారు?" అన్నాడు.

"భయపడలేదా మీరు?"

 కింద మేం పళ్లేలు లాగుతున్న చప్పుడు వినపడుతోంది. అతను ఆ ఉత్తరం చేత్తో పట్టుకునే కిందికి వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాం మేమందరం. బౌక్య మాత్రం ఆ పోయిన ఉత్తరం మళ్లీ మొదటినుంచి రాసింది.

శుక్రవారం పొద్దున మూడు వందల పన్నెండూ సిద్ధమయ్యాయి. ఆమె కోటు వేసుకుని పెట్టె ఎత్తుకోబోతుంటే రుట్గర్ వచ్చాడు.

"మీ పేరు కింద నా పేరు కూడా పెట్టొచ్చా?"

"కింద కాదండీ," అంది బౌక్య. "పైన. తీసేసింది మీరు కదా."

 అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంటించిన కవర్లన్నీ మళ్లీ విప్పి, ఆమె పేరుకి పైనున్న ఖాళీలో ఒక్కొక్కటిగా సంతకం పెట్టాడు. సాయంత్రం నాలుగయింది. ఉత్తరాలు మడిచి కొత్త కవర్లలో పెట్టే పని మాత్రం ఆమె ప్యాకింగ్ వాళ్లకి అప్పగించింది.

అందరూ క్షమించారని చెప్పలేను. తెలిసిందిగా, ఇక కొనను అని రాసినవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ల ఉత్తరాలు కూడా బౌక్య నోటుబుక్కులో అతికించింది, మన వార్త కూడా ఉండాలిగా అని. పదమూడో రస్కు తిరిగి రాలేదు. ప్యాకెట్ ముందువైపు మాత్రం పన్నెండు అని అరచేయంత అంకె వేస్తున్నారు. ఆఫ్కె ఇప్పుడు రెండు ప్యాకెట్లు కొంటుంది, కొన్నప్పుడల్లా ఫోన్ చేసి తిడుతుంది. యోరిస్ ద హేగ్‌లో ఏదో సభలో ఆ ఉత్తరాన్ని తెర మీద చూపించి, కంపెనీలు జనంతో ఎలా మాట్లాడాలో పాఠం చెప్పాడట. పాఠం ముందు తన జవాబు కూడా చూపించాడని విని, "అయితే ఆ కుర్రాడు బాగుపడతాడు" అంది బౌక్య.

ఇంకో మార్పు కూడా వచ్చింది. కంప్యూటరు ఇప్పుడు పేరు వెయ్యదు. ఉత్తరం అడుగున ఒక ఖాళీ గీత వదులుతుంది. బౌక్య ప్రతి ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివి, ఆ గీత మీద పెన్నుతో పేరు రాస్తుంది. దానికి రోజులో సగం పడుతుందని రుట్గర్ సణుగుతాడు.

మొన్న సెప్టెంబరులో ధర పెంచారు. దాని గురించి ఉత్తరం రుట్గర్ తనే రాసి పైకి తెచ్చాడు. ఆమె చదివింది. పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

"రెండో వాక్యం," అంది.

"దానికేమైందండీ?"

ఆమె సొరుగులోంచి ఆకుపచ్చ పెన్సిల్ తీసి అతని ముందు పెట్టింది. రుట్గర్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ వాక్యం మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఆమె ఎదురుచూసింది.