పాములకు చెప్పి నడిచే దారి

నిరుడు చలికాలంలో మా అక్క చనిపోయింది. తార్నాకలో వాళ్ల ఫ్లాట్‌లో, కుక్కర్ ఆపడానికని వంటింట్లోకి వెళ్లి అక్కడే పడిపోయింది. ఆ పూట నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అంబులెన్సుకు ఫోన్ చేశాను, కుక్కర్ కట్టేశాను, చుట్టాలకు కబురు పెట్టాను. ఏడవడం ఒక్కటే చేయలేదు. రాలేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది కదా, గిల్లినా మనది కాదన్నట్టుంటుంది. నాకు లోపలంతా అలాగే ఉండేది.

చుట్టాలు నన్ను గట్టి మనిషి అన్నారు. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో నేను పట్టించుకోలేదు. దశదినకర్మ అయి అందరూ వెళ్లిపోయాక, గిన్నెలు సర్దుతుంటే అక్క కూతురు వచ్చి పక్కన నిలబడింది. డిగ్రీ చదువుతున్న పిల్ల.

"నీకు ఏడుపు వస్తలేదా చిన్నమ్మా?" అని అడిగింది.

నేను గిన్నెలు సర్దుతూనే ఉన్నాను. ఆ తర్వాత అది నా ఫోన్లు ఎత్తడం మానేసింది. ఉన్న ఒక్క పిల్లా నన్ను రాయి కింద జమకట్టేసింది. కాదని చెప్పే ధైర్యం నాకూ లేదు.

నేను తార్నాక దగ్గర ఒక పరిశోధన సంస్థలో పని చేస్తాను. మే నెలలో పని మీద మధ్యధరా సముద్రం ఒడ్డునున్న ఒక ఊరికి పంపారు. పని అయిపోయిన మర్నాడు, అక్కడికి వచ్చిన మా గుంపును సముద్రం పక్క అడవిలోకి నడకకు తీసుకెళ్లారు. సముద్రం పక్కన అడవి అంటే పచ్చగా, తడిగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే ఎండిన నేల, సున్నపురాళ్లు, గాలికి ఒక పక్కకు వంగిపోయిన పైన్ చెట్లు, ప్యాంటు పట్టుకు లాగే ముళ్లపొదలు. చెట్ల సందుల్లోంచి ఎక్కడో కింద నీలం నీళ్లు కనిపించకపోతే, తార్నాక పక్కనున్న మన యూనివర్సిటీలో హాస్టళ్ల వెనకాల తుప్పల్లో నడుస్తున్నట్టే ఉంది. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను కూడా తీశాను, ఎందుకో తెలియకుండానే.

హాస్టళ్ల వెనకాలకు అక్కా నేనూ ఏటా బతుకమ్మకు తంగేడు పూల కోసం వెళ్లేవాళ్లం. అక్కకు పాములంటే హడల్. పొదలో చెయ్యి పెట్టే ముందు గట్టిగా చప్పట్లు కొట్టి, కనబడని పాముతో మర్యాదగా మాట్లాడేది. క్యాంపస్‌లో చదువుకునే పిల్లలు చూసి నవ్వుకుంటూ పోయేవాళ్లు. నాకు తల తీసేసినట్టుండేది. అక్కకేం పట్టేది కాదు.

ఆ అడవిలో ఒక మలుపు దగ్గర పొద నిండా పసుపు పూలు. తంగేడు కాదు, అయినా కాలు దారి దిగింది. చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి.

"జరుగు నాయనా, పూలకే వచ్చినం, నీ జోలికి రాం."

నోరు నాదే, గొంతు మాత్రం అచ్చం అక్కది. పిట్టలు బెదురుతాయి, చప్పుడు చేయొద్దని పొద్దుటినుంచీ చెబుతూ వచ్చిన పెద్దావిడ, మాకు దారి చూపించే మనిషి, వెనక్కి తిరిగి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. పాములతో అన్నాను. ఇక్కడా ఉన్నాయిలే అని, పూలు మాత్రం కోయకూడదని చెప్పి నడిచింది. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను. రాలేదు. నామీద నాకే చిరాకేసి గుంపు వెనకాలే నడిచాను.

ఆ రాత్రి హోటల్ గదిలోంచి ఇదంతా వాయిస్ మెసేజ్‌లో పెట్టి అక్క కూతురికి పంపాను. విన్నదో లేదో తెలియలేదు.

బతుకమ్మ వచ్చింది. ఇంట్లో మనిషి పోయిన ఏడాది, మాకు పండుగ లేదు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దున్నే అక్క కూతురు ఫోన్ చేసి, క్యాంపస్‌కు పోదామా అని అడిగింది. తార్నాక మెట్రో కింద కలుసుకుని ఆటో ఎక్కాం.

హాస్టళ్ల వెనకాల ఆడవాళ్లు అప్పటికే సంచులు నింపుకుంటున్నారు. వాళ్లను దాటి, తుప్పల్లో కాలిబాట పట్టాం. నేను ముందు, అది వెనక. తంగేడు పొదల దగ్గరికి రాగానే వెనకనుంచి చప్పట్లు వినిపించాయి.

"జరుగు నాయనా. ఈసారి పూలకు రాలే. ఊకెనే వచ్చినం."

అడుగు వేయబోయాను. పడలేదు.

"ఏమైంది చిన్నమ్మా, పామా?" అంది.

కాదని తల ఊపాను. చున్నీ కొస చేతిలోకి తీసుకున్నాను, మళ్లీ వదిలేశాను. కళ్లు తుడుచుకోకుండానే దాని వైపు తిరిగాను.