చెరపనియ్యని గోవర్ధనన్న

రఘునాథపల్లిలో మా గోవర్ధనన్న దేన్నీ చెరపడు. ఇంకొకరు చెరుపుతుంటే చూడలేడు. ఎవరి ఫోనైనా నిండిపోయిందని చెవిన పడితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చేస్తాడు. "చెరపకు తమ్మీ, జర ఆగు. నాకియ్యి" అంటాడు. గులాబీ పువ్వు మీద శుభోదయం అని రాసిన బొమ్మలు, లెన్సుకు వేలు అడ్డంపడ్డ ఫొటోలు, జేబులో ఫోను తనంతట తానే తీసుకున్న చీకటి వీడియోలు, అన్నీ ఆయనకు కావాలి. ఇంత చెత్తను ఇంత భక్తిగా దాచుకునే మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

ఆయన పని కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేయడం. నాది ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బం ఇచ్చేశాక మిగిలినవన్నీ చెరిపేయడం నా అలవాటు. చెరపకపోతే వచ్చే పెళ్లికి చోటెక్కడిది? సరిగ్గా ఆ వేళకే ఈయన హార్డ్ డిస్కు చంకన పెట్టుకుని నా దుకాణంలో దిగేవాడు.

"అన్నా, దీంట్ల పెండ్లిపిల్ల లేదు, పిలగాడు లేడు. ఎవని వీపో ఉన్నది. గిదెందుకే?"

"ఉండనియ్యి. వీపు గూడ మనిషిదే గద."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

ఆ వీపులన్నిటికీ ఇంట్లో ఒక సర్వరు కట్టాడు. హైదరాబాద్ తుక్కు బజారులో దొరికిన, ఏదో ఆఫీసు పారేసిన పెట్టె. అందులో ఎనిమిది డిస్కులు. స్విచ్చి వేస్తే పిండిగిర్ని మోత. బియ్యం డబ్బాలు ఉండాల్సిన చోట అది కూర్చుంది. "మా ఇంట్ల నాకంటే దాని లొల్లే ఎక్కువ" అని ఆయన భార్య రేణుకక్క వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

పోయిన నెల పిడుగు పడి ఆ పెట్టెలో డిస్కులను కలిపే కార్డు కాలిపోయింది. ఆ రకం డిస్కులు మామూలు కంప్యూటర్‌కు తగలవు, అలాంటి కార్డు ఉంటేనే పనిచేస్తాయి. ఇంకొకటి తెచ్చి పెట్టాడు. డిస్కులు గిర్రున తిరుగుతున్నాయి, పెట్టె మాత్రం ఒక్కటీ లేదంటుంది. కార్డు లోపలుండే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారట. ఈ కార్డులో ఉన్నది మహా పెత్తందారీదట. డిస్కుల్లో ఉన్నదంతా ముందు తనను తుడవనిస్తే గానీ వాటిని చూపించదట. "తుడవమంటారా?" అని అది తెర మీద అడిగినందుకు గోవర్ధనన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం కడుపుబ్బ నవ్వాను. పదిహేనేళ్ల చెత్తకు పిడుగే సరైన మందని స్టూడియోకు వచ్చినవాళ్లందరికీ చెప్పాను.

ఆ నవ్వులో ఉండగానే ఎర్రయ్య తాత చనిపోయాడు. ఊళ్లో ఏ పెళ్లయినా పిలవకుండానే వచ్చి వడ్డించే ముసలాయన. కెమెరా అటు తిప్పితే చాలు, డేరా వెనక్కి పారిపోయేవాడు. పెద్దకర్మ ఎల్లుండి అనగా ఆయన భార్య కొమురవ్వ నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు ఫొటో ఒక్కటే. దాన్నే పెద్దది చేసి చూపించాను.

"గీడెవడు నాయినా?"

"ఎర్రయ్య తాతనే అవ్వా."

"మా ముసలోడు గిట్లుంటడా? పోలీసోళ్లు పట్టుకొచ్చిన దొంగ లెక్క ఉన్నడు. గీనికి నేను దండెయ్య. ఊర్ల పెండ్లిళ్లన్నీ నువ్వే తీస్తివి గద, ఒక్కదాంట్ల లేడా?"

ఉండేవాడు. ప్రతి పెళ్లిలో ఏదో ఒక మూల ఉండేవాడు. నేనే చెరిపేశాను. ఉంటే గింటే గోవర్ధనన్న డిస్కుల్లోనే ఉండాలని, అవ్వను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి నడిచాను.

ఆయన కార్డు మీది పదహారు అక్షరాల నంబరును సుద్దముక్కతో గోడ మీద రాసుకుని కూర్చున్నాడు. పాత ఫర్మ్‌వేర్ తీసేసి, డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపించే ఇంకోటి ఎక్కించాలట. చివర ఆ నంబరు మళ్లీ కొట్టాలట. మధ్యలో కరెంటు పోతే కార్డు ఇక దేనికీ పనికిరాదట.

"ఎర్రయ్య మామ పోయినకాడి నుంచి దీని మీదనే ఉన్న. ఫొటో కోసం వస్తరని నాకెర్కే" అన్నాడు.

"మరి ఆగినవేందే? కానియ్యి."

"ముందుగాల పాతదాన్ని చెరపాలె తమ్మీ."

"చెరుపు."

"మూడొద్దుల సంది గదే చూస్తున్న. చెయ్యి వస్తలేదు."

"అది ఫొటో కాదే, ప్రోగ్రాము!"

"ఎవడో కూసోని రాసిండు గద."

నాకు ఒళ్లు మండింది. "చెరుపుడు నా పని. జరుగు" అని మీట నొక్కాను. గోవర్ధనన్న గట్టిగా కళ్లు మూసుకున్నాడు. కొత్తది ఎక్కుతుండగానే కరెంటు పోయింది. పెట్టె ఇన్వర్టర్ మీదికి వచ్చింది, దాని బ్యాటరీ నాలుగు నిమిషాలకు మించి ఆగదు. రేణుకక్క పరుగున వచ్చి ఫ్యాను, లైటు బందు చేసి, మమ్మల్ని ఊపిరి కూడా మెల్లగా తీసుకోమంది.

ఎక్కింది. గోడ మీది నంబరు నేను చదివితే ఆయన కొట్టాడు. కరెంటు వచ్చాక పెట్టెను మళ్లీ వేస్తే తెర మీద ఒకటి, రెండు, మూడు, ఎనిమిదీ వచ్చాయి.

"వచ్చిండా?" అంది కొమురవ్వ.

"డిస్కులొచ్చినయవ్వా. తాతను దేవులాడాలె."

వెతికే పనే లేకుండా ఉంది. లోపల పెళ్లిళ్ల పేర్లు లేవు, మనుషుల పేర్లున్నాయి. వంటల సాయమ్మ, డేరాల ఐలయ్య, బ్యాండు డేవిడ్. నేను చెత్త అని పారేసిన ఫొటోల మూలల్లోంచి ఒక్కొక్కరినీ కత్తిరించి దాచాడు. ఫొటో దిగే తీరిక లేనివాళ్లంతా అక్కడున్నారు. నా పేరూ ఉంది. తెరిస్తే ఊళ్లోవాళ్ల ఫోన్లలో పడ్డ వందల ఫొటోలు, అన్నిట్లోనూ సగం ముఖం కెమెరా వెనక. ఇరవై ఏళ్లుగా ఊరందరి ఫొటోలు తీసినవాణ్ణి, మా ఇంటి గోడ మీద నాది ఒక్కటీ లేదు. ఈ మనిషిని ఇన్నేళ్లు ఎగతాళి చేసినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

ఎర్రయ్య తాతవి రెండు వందల పదకొండు. అందులో రెండు వందల పది పారిపోతున్న వీపులే. మిగిలిన ఒక్కదాంట్లో, పప్పు బకెట్ చేత్తో పట్టుకుని, పంక్తిలో ఎవరినో చూసి నోరారా నవ్వుతున్నాడు.

"బకెట్ కత్తిరిస్తనవ్వా" అన్నాను.

"ముట్టకు! బకెట్ లేకుంటే ఊర్ల ఎవ్వలు గుర్తువడ్తరు?"

కొమురవ్వ తెర దగ్గరికి జరిగింది. కొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, తాత ముఖంలోకి చూసింది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఊరందరికి కొసరి కొసరి ఏసినవ్ గదయ్యా! ఇంట్ల ఒక్కనాడన్న నా పళ్లెంల ఒక గంటె ఏసినవా?"