ఉద్దప్ప పడకకు పదమూడు మూరల గుడ్డ

మా బళ్ళారి బట్టల కొట్టుకు మీటరు కర్ర వచ్చిన ఏడాది, దాన్ని చూసి ఎర్రిస్వామి మొహం తిప్పుకున్నాడు. ఆయన కెంచనగుడ్డ అనే ఊరి రైతు, పొట్టి మనిషి. ఆ ఇంటివాళ్ళు ఏటా మా దగ్గర పన్నెండు మూరల తెల్లగుడ్డ కొని తుంగభద్ర ఒడ్డున ఉద్దప్ప పడక మీద పరుస్తారు. ఉద్ద అంటే కన్నడంలో పొడుగు. ఆ మహానుభావుడు వరదలో మోకాలి లోతున నిలబడి మనుషుల్నీ ఎద్దుల్నీ చంకనేసుకుని ఏరు దాటించాడట. అలిసి నడుం వాల్చిన బండే ఆ పడకట. గుడ్డ బండను ఆ కొస నుంచి ఈ కొసకు కప్పాలి, ఇంటి పెద్ద తన చేత్తోనే కొలవాలి. అన్న పోయాక ఆ సేవ ఎర్రిస్వామికి వచ్చింది.

“పోయినేడు గుడ్డ మూరెడు చాల్లేదు శెట్టప్పా,” అన్నాడు మెల్లగా. “రాయి పెరుగుతాండాదంట. నేను తగనోణ్ణని ఉద్దప్ప అలిగినాడంట. ఈ తూరి గూడా చాలకపోతే సేవ దాయాదులకిస్తారంట.”

నిరుడు ఆయన కొలిచాక ఆ గుడ్డ కత్తిరించింది నేనే. కొలిచే చేయి పొట్టిదైతే గుడ్డ తగ్గుతుందని తెలియని బట్టల వ్యాపారి ఉంటాడా? తెలిసీ పట్టించుకోలేదు. చాలా సిగ్గేసింది. రాయి పెరగలేదని నేను చెబితే ఆయన నమ్మినా ఊరు నమ్మదు. అందుకే ఒక తాను గుడ్డా, టేపూ సంచిలో పెట్టుకుని ఆయనతో బయల్దేరాను.

ఉదయం ఆరింటి బస్సుకు సిరుగుప్పదాకా టికెట్టు రూపాయిన్నర. ఎనిమిదిన్నరకు దిగి నేను ఇడ్లీ తిన్నాను, ఆయన ఉపవాసం. అక్కణ్ణుంచి ఎద్దులబండికి మనిషికి అర్ధరూపాయి, గంటన్నర దారి. ఉద్దప్ప ఎంత పొడుగని బండివాణ్ణి అడిగాను.

“మా తాత కాలంలో పన్నెండు మూర్లుండె. ఇప్పుడు పదమూడంటాండారు,” అన్నాడు.

పోయినవాళ్ళు పెరగడం నేనెక్కడా వినలేదు గానీ నోరు మూసుకున్నాను. ఎర్రిస్వామి దారి పొడవునా తన చేయి చూసుకుంటూనే ఉన్నాడు.

బండ దగ్గర ఊరిపెద్ద గౌడతో పాటు పదిమంది దాకా చేరారు. నేను టేపు తీయగానే గౌడ అడ్డుపడ్డాడు. “బండకు ఇనుపకొస తగలగూడదప్పా.”

టేపు మళ్ళీ సంచిలో పెట్టేశాను. పాతగుడ్డలు ఏంచేస్తారని ఎర్రిస్వామిని అడిగాను. పెట్టెలో మడిచి పెడతారట, మళ్ళీ ఎవరూ విప్పి చూడరట. వాళ్ళన్న చివరిసారి కొలిచిన పన్నెండు మూరల గుడ్డ తెప్పించి పరిచాం. కొసకు కొస సరిపోయింది.

“పెరిగిన రాయికి పాతగుడ్డ ఎట్లా సరిపోయింది గౌడప్పా?” అన్నాను.

ఆ గుడ్డనే ఎర్రిస్వామి చేత కొలిపించాను. పదమూడు మూరలు వచ్చింది.

“అంటే రాయి అంతే ఉండాది. చెయ్యే పొట్టిది,” అన్నాడు గౌడ. “మరి ఇంత పొట్టోడు ఆయప్పకు సేవ చేయొచ్చునా?”

నాకు ఒళ్ళు మండింది. ఎర్రిస్వామిని నేలమీద పడుకోబెట్టి, తల నుంచి మడమ దాకా గీత గీసి, ఆ గీతను ఆయన మూరతోనే కొలవమన్నాను. నాలుగుకు కాస్త తక్కువ. తర్వాత గౌడను పడుకోమన్నాను. నసుగుతూనే పడుకున్నాడు. ఆరడుగుల మనిషి, తన మూరతో ఆయనా నాలుగుకు కాస్త తక్కువే.

ఎర్రిస్వామి బండకేసి తిరిగాడు. “శెట్టప్పా, ఉద్దప్ప మూరతో ఉద్దప్ప ఎంతుంటాడు?”

“అంతే. నాలుగుకు కాస్త తక్కువ.”

“అట్లయితే ఆయప్ప గూడా మన మాదిరే,” అని కళ్ళు తుడుచుకున్నాడు.

గౌడ ఒంటికంటిన మట్టి దులుపుకుని నా సంచిలోని తాను తీసి ఎర్రిస్వామి చేతికిచ్చాడు. “కొలువప్పా. పదమూడు.”

నాలుగింటి బస్సులో తిరిగొస్తూ ఎర్రిస్వామి అన్న మాటే తలుచుకున్నాను. మీటరు కర్ర మంచిదే, దాంతో ఎవరికీ గుడ్డ తగ్గదు. కానీ ఆ రోజు ఎర్రిస్వామి తలెత్తుకుని నిలబడింది తన మూరతోనే, నాకు అదే సంతోషం. మీరూ ఉద్దప్పకు గుడ్డ ఇవ్వాలనుకుంటే సిరుగుప్పలో కొనకండి, మా కొట్లోనే కొనండి, ఎక్కడ కొన్నా కత్తిరించకండి. తాను తానుగా తీసుకెళ్ళి, ఎర్రిస్వామి కొలిచాకే కత్తెర పెట్టండి.